లేని మెట్ల మీద నుంచి పడ్డాను

నా కుడి మణికట్టు ఎలా విరిగిందో ఆసుపత్రి కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. ఇంటి మెట్ల మీద నుంచి జారి పడ్డానట. మా ఇంటికి మెట్లు లేవు. వీధిలో నుంచి అడుగు తీసి అడుగు వేస్తే వరండా, ఇంకో అడుగు వేస్తే ముందు గది. పైన రేకులు. పడాలంటే నేను ఎక్కడికైనా వెళ్ళి పడాల్సిందే తప్ప మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో పని చేస్తున్నాను. అడ్మిషన్ రిజిస్టర్లు, స్టడీ సర్టిఫికెట్లు, తల్లిదండ్రులకు ఉత్తరాలు. మాట్లాడే పని తక్కువ, రాసే పని ఎక్కువ. నాకు సరిపోయింది. స్కూలుకు వెళ్ళి రావడమే కష్టంగా ఉండేది. షేర్ ఆటో ఎక్కితే "కొంచెం జరగండి" అనాలి. దిగాలంటే "ఆపండి" అని అంత చప్పుడులో గట్టిగా అరవాలి. ఆ మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోతే, ఆటో మాత్రం ఆగకపోతే, రెండు సందులు దాటాక ఇంకెవరో దిగుతుంటే నేనూ దిగి వెనక్కి నడిచిన సాయంత్రాలు ఎన్నో. అందుకని ఫోన్లో బుక్ చేసుకునే ఆటోలు మా ఊరికి వచ్చినప్పుడు ఊరందరి కంటే నేనే ఎక్కువ సంతోషించి ఉంటాను. ఎక్కడికో చెప్పక్కర్లేదు, బేరమాడక్కర్లేదు, నోరు తెరవక్కర్లేదు.

అయితే ఏ కొత్త వస్తువైనా మా ఊరు దాన్ని తన పద్ధతికి తెచ్చుకుంటుంది. బుక్ చేసిన అర నిమిషానికి ఫోన్ మోగుతుంది.

"యాడికమ్మా? ఓ, మన పక్క వీధే! క్యాన్సిల్ కొట్టు తల్లీ. ఆ డబ్బులేందో నాకే ఇయ్యి. కంపెనీ వాడు మధ్యలో కోసుకుంటన్నాడు."

ఆ రోజు సాయంత్రం స్కూలు గేటు దగ్గర ఆటో నా ముందు ఆగి ఉంది. డ్రైవర్ వయసు యాభై పైన. మా వెనక వీధిలోనే ఉంటాడు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది, వరస కలవకపోయినా నేను బాబాయ్ అంటాను. అందరూ చేసేదే, నేనూ క్యాన్సిల్ నొక్కాను. కారణం ఎంచుకోమని ఫోన్ ఒక జాబితా చూపించింది. అసలు కారణం ఆ జాబితాలో లేదు. "ప్రయాణం ఆలోచన మారింది" అన్నదాని మీద వేలు పెట్టి, వెంటనే ఎక్కి కూర్చుని, ప్రయాణం చేశాను.

కోటప్పకొండ రోడ్డులో కంకర పోసి ఉంది. ముందు బిగించిన ఫోన్ టింగుమంది. ఇంకో బుకింగ్. దాన్ని ఎవరూ తన్నుకుపోకముందే నొక్కాలని బాబాయ్ ముందుకు వంగాడు. ముందు చక్రం కంకర కుప్ప ఎక్కింది. ఆటో పెద్దగా ఏమీ ఎగరలేదు, దొర్లలేదు. గేదె పడుకున్నట్టు మెల్లగా ఒక పక్కకి ఒరిగి పడుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎండిన కందికట్టె విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. అది నాదని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

దారిన పోయేవాళ్ళు నలుగురు ఆటోని లేపి నిలబెట్టారు. అదే ఆటోలో, "తల్లీ, తల్లీ" అంటూ నా కంటే ఎక్కువ ఏడుస్తూ, బాబాయ్ నన్ను ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అమ్మ పరుగున వచ్చింది. కౌంటర్లో అమ్మాయి పెన్ను పట్టుకుని అడిగింది.

"యాక్సిడెంటా? యాక్సిడెంటైతే పోలీసులకి రాసి పంపాల."

అమ్మ బాబాయ్ మొహం చూసింది. నా మొహం చూసింది. పెళ్ళి కావలసిన పిల్ల, పోలీసు స్టేషను, వెనక వీధి అన్నయ్య, మూడూ కలిపి ఒక్క క్షణంలో తీర్పు చెప్పేసింది.

"యాక్సిడెంటేందమ్మా? మెట్ల మీద జారి పడింది."

ఆ అమ్మాయి రాసుకుంది. బాబాయ్ నేల చూశాడు. కాదని చెప్పడానికి నాకు నోరుంది, నొప్పి ఉన్నది చేతికే. కానీ చెప్పలేదు.

మణికట్టులో ప్లేటు వేశారు. ఏడాది తరవాత ఇంకో ఆపరేషన్ చేసి ఆ ప్లేటు తీయాలని, ఈలోగా రోజూ ఫిజియోథెరపీ చేయించాలని, అశ్రద్ధ చేస్తే చెయ్యి పూర్తిగా తిరగదని డాక్టర్ చెప్పాడు. నాన్నకు పంపుసెట్ల విడిభాగాల చిన్న షాపుంది. సీజన్ సరుకు కోసం దాచుకున్నది మొదటి ఆపరేషన్‌కే అయిపోయింది. రెండోదాని సంగతి ఎవరూ ఎత్తలేదు. నా ఎదురుగా ఎత్తలేదంటే, నా వెనక ఎత్తుతున్నారన్నమాట.

కట్టుతో ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో డైరీ ఎడమ చేత్తో రాశాను. పేజీకి నాలుగు మాటలు పట్టేవి. "నొప్పి. పప్పుచారు. వాన లేదు." ఒక్కోసారి అంతే. రోజుకో పేజీ వర్ణించే అలవాటు ఉన్నదాన్ని, అంత పొదుపుగా రాయగలనని నాకే తెలియదు. పుస్తకం మాత్రం దిండుకి ఆనించి చదివేదాన్ని. చదవడానికి ఏమీ లేని ఒక మధ్యాహ్నం, ఫోన్లో ఆ ఆటోల యాప్ నిబంధనలు చదివాను. వాటిని ఇష్టంగా చదివింది బహుశా నేనొక్కదాన్నే. చివరి నుంచి మూడో పేరాలో, ప్రతి ప్రయాణంలో ప్రయాణికుడికి ప్రమాద బీమా ఉంటుందని ఉంది. ఎడమ బొటనవేలితో జరిగిందంతా టైపు చేసి పంపాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. మీకు జరిగినదానికి చింతిస్తున్నాం, మీరు ఆ ప్రయాణాన్ని రద్దు చేసుకున్నారు కాబట్టి ఆ సమయంలో మీరు మా ప్రయాణికులు కారు.

నాన్నకు చదివి వినిపించాను.

"నువ్వెందుకు రద్దు చేశావ్?"

"బాబాయ్ చెయ్యమన్నాడు."

"చెయ్యమంటే చేసేయడమేనా? అడగొద్దూ ఎందుకని?"

షాపులో ఎవరు బేరమాడినా వద్దనలేక తగ్గించి ఇచ్చే మనిషి ఆయన. ఆ సంగతి ఆయనకూ గుర్తొచ్చిందేమో, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

తరవాత ఆదివారం బాబాయ్ వచ్చాడు. ఒక సంచిలో ఆపిల్ పళ్ళు, ఇంకో సంచిలో పాలలో కలుపుకునే పొడి డబ్బా. పక్కన మా వీధి చివర టీకొట్టు పెద్దాయన. వీధిలో ఏ గొడవైనా రాజీ చేసేది ఆయనే. రాజీ కాగితం కూడా ఇంట్లోనే రాయించుకుని తెచ్చాడు.

"బావా, పిల్ల లేచి తిరుగుతా ఉంది, దేవుడి దయ," అన్నాడు పెద్దాయన నాన్నతో. "ఈ కాగితం మీద ఓ సంతకం పడేస్తే ఎవరి పని వాళ్ళం చూసుకుందాం. వీడికి నిద్ర పట్టట్లా."

నాన్న పెన్ను మూత తీశాడు. నేను గుమ్మం పక్క నుంచి కాగితం చూశాను. "ఇకమీదట ఏ కోర్టులోనూ, ఏ కంపెనీ మీదనూ ఎటువంటి క్లెయిమూ చేయబోమని" అన్న ముక్క దగ్గర నా కళ్ళు ఆగాయి.

"నాన్నా, ఒక్క నిమిషం."

నా గొంతు కీచుగా వచ్చింది. అందరూ తలెత్తారు.

"ఏందమ్మా? చదువుకున్న పిల్లవి, అచ్చు తప్పులేమన్నా దొరికినయ్యా?" అన్నాడు పెద్దాయన.

"ఏ కంపెనీ మీదా అని ఎందుకు రాశారండి?"

"అట్టనే రాస్తారమ్మా. మా నాయన కాడ్నించి అట్టనే రాస్తన్నాం."

"బాబాయ్, మీ ఆటోకి ఇన్సూరెన్స్ ఉందా?"

"ఎందుకు లేదు తల్లీ! ఏటేటా కడతన్నా. పోలీసోళ్ళు ఆపితే చూపియ్యాల గదా."

ఆ కాగితాలు తెమ్మన్నాను. సీటు కింద నుంచి ఆయిలు మరకల ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. పాలసీ నాలుగు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు, అంతా ఇంగ్లీషు. వరండాలో కింద కూర్చుని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. అమ్మ ఒకసారి టీ ఇచ్చింది. నేను ఇంకా రెండో పేజీలోనే ఉన్నానని చూసి మళ్ళీ పెట్టింది.

"ఏమే, అదేమన్నా కథల పుస్తకమా? త్వరగా చెప్పు," అంది.

మూడో పేజీలో ప్రీమియం పట్టికలో ఒక వరుస ఉంది. ప్రయాణికుల పట్ల చట్టపరమైన బాధ్యత, ముగ్గురు. దానికి విడిగా కట్టించుకున్నారు కూడా. గడువు చూశాను. ప్రమాదం నాటికి ఇంకా ఐదు నెలలుంది.

"ఆటోలో కూర్చున్నవాళ్ళకి దెబ్బ తగిలితే ఇవ్వాల్సింది ఈ కంపెనీ," అన్నాను. "ముగ్గురి దాకా. ఆ రోజు నేనొక్కదాన్నే ఉన్నాను. యాప్ తో పని లేదు, క్యాన్సిల్ తో పని లేదు. ఆటోలో ఉంటే చాలు."

"ఇచ్చేది నేను గాదా?" అన్నాడు బాబాయ్.

"మీరు కాదు. కంపెనీ."

"మరి ఇన్నేళ్ళబట్టి నేను కట్టింది..."

"ఇందుకే."

ముందు అందుకుంది అమ్మే.

"ఏందన్నయ్యా! అంత దాన్ని సీటు కింద పెట్టుకోని, పైన కూర్చోని, మమ్మల్నేడిపిస్తన్నావా ఇన్నాళ్ళు?"

బాబాయ్ నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక ఆగిపోయాడు. పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "కంపెనీ ఊరకే ఇస్తదా? కేసు పెట్టాల. కేసంటే వీడి మీదనేగా." అప్పుడు మళ్ళీ అందరి మొహాలూ వాడిపోయాయి. అన్నయ్యా అని పిలిచే మనిషి మీద కేసెలా పెడతారు? కాగితం మడిచి జేబులో పెట్టుకుని పెద్దాయన వెళ్ళాడు. సంతకం పడలేదు, నిర్ణయమూ జరగలేదు. ఆపిల్ పళ్ళు మాత్రం మిగిలాయి.

కోర్టు గోడ మీద "ఉచిత న్యాయ సహాయం" అన్న బోర్డు నేను ఎన్నోసార్లు చదివాను. గోడల మీద రాసినవన్నీ చదివే అలవాటు నాకు. ఆడవాళ్ళకు ఎంత ఆదాయం ఉన్నా లాయర్ని ఉచితంగా పెడతారని అందులో ఉంది. అడిగి తెలుసుకోవడంలో తప్పేముందని అమ్మని ఒప్పించడానికి వారం పట్టింది. చివరికి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళింది బాబాయ్ ఆటోయే. ఇంకో ఆటో ఎక్కితే ఆయన బాధపడతాడని అమ్మ అంది.

మాకు కేటాయించిన లాయరమ్మకు ముప్పై అయిదేళ్ళుంటాయి. చాలా వేగంగా మాట్లాడింది. ముందు పోలీసు కంప్లయింటు. అది లేకపోతే ఏదీ లేదు. ఆ తరవాత ఇదే కోర్టులో నష్టపరిహారం పిటిషన్, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వెయ్యాలి. అయిన ఖర్చు, పోయిన జీతం, కాబోయే ఖర్చు, పడ్డ నొప్పి, అన్నీ అడగొచ్చు. డ్రైవర్ మీద చిన్న కేసు పడుతుంది, జరిమానా ఉండొచ్చు. లైసెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్ సక్రమంగా ఉన్నాయి కాబట్టి పరిహారం కట్టేది కంపెనీయే.

"ఆసుపత్రి కాగితం ఇవ్వండి," అంది. చదివింది. కళ్ళద్దాలు తీసింది.

"ఈ మెట్లేంది?"

అమ్మ పైకి చూసింది. ఫ్యాన్ తిరుగుతోంది.

"పేషెంటే మెట్ల మీద పడ్డానని చెప్పింది గదా అని కంపెనీ వాళ్ళు ఈ ఒక్క ముక్క పట్టుకుంటారమ్మా. చెయ్యి ఆటోలో విరిగిందని చెప్పడానికి ఎవరున్నారు? చూసిన వాళ్ళెవరైనా?"

ఆటోని లేపిన నలుగురెవరో మాకు తెలియదు. రెండో ఆపరేషన్ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాను. అప్పుడు గుమ్మం బయట నుంచి మాట వినిపించింది.

"నేనున్నా గదమ్మా."

బాబాయ్ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

"నువ్వెవరు?"

"ఆటో నాదే."

లాయరమ్మ పెన్ను కింద పెట్టింది. "నువ్వు చెబితే నీ మీదకే వస్తది, తెలుసా?"

"తెలుసమ్మా. నేను ఫోనొంక చూసిన మాట నిజం. చూశాననే చెప్తా. జరిమానా ఏస్తే కడతా." ఇంతవరకు మెల్లగానే ఉన్న గొంతు ఒక్కసారి పెరిగింది. "కానీ ముగ్గురి దాకా ఇస్తానని కాయితం రాసిచ్చి, ఏటేటా నా కాడ తీసుకోని, ఒక్కరికి ఇయ్యడానికి మెట్లంట, గిట్లంట! చానా అన్యాయం గదమ్మా!"

"భలే ముద్దాయివయ్యా," అంది లాయరమ్మ.

స్టేషన్లో చెప్పడం నా వంతు. ఇంట్లో నాలుగు రకాలుగా సాధన చేసుకుని వెళ్ళాను. అక్కడ నాలుగూ మర్చిపోయి అయిదో రకంగా చెప్పాను. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని, కంప్లయింటు రాసుకునే రైటర్ అడిగాడు. ఆపరేషన్ అయిందనీ, భయపడ్డామనీ చెప్పాను. ఆయన రెండూ రాసుకున్నాడు. అంత తేలిగ్గా అయిపోతుందని తెలిస్తే ముందే వచ్చేదాన్ని.

పిటిషన్ వేసిన కొన్నాళ్ళకు బీమా కంపెనీ విచారణ చేయడానికి ఒకాయన మా ఇంటికి వచ్చాడు. బ్యాగు, టేపు, పెద్ద ఫోను. ఆసుపత్రి కాగితం నకలు ఆయన చేతిలోనే ఉంది.

"అమ్మా, పాప పడిన మెట్లు ఒకసారి చూపిస్తారా? ఫోటో తీసుకోవాలి."

అమ్మకు లాయరమ్మ ముందే చెప్పి పెట్టింది, నిజమే చెప్పమని. అయినా అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. చీర కొంగు సర్దుకుని, వరండాలో నిలబడి, చెయ్యి చాపి ఇల్లంతా చూపించింది.

"చూసుకో బాబూ. యాడన్నా ఒక్క మెట్టు కనపడితే దాని మీద పడిందనే రాసుకో."

ఆయన వరండా చూశాడు. వంటిల్లు చూశాడు. పెరట్లోకి వెళ్ళి బావి గట్టు, బాత్రూం గడప చూశాడు. రేకుల మీదకు చూశాడు.

"మేడ మీదకి ఎలా వెళ్తారు?"

"మేడుంటే గదా!"

"మరి ఆసుపత్రిలో మెట్లని ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పా." అమ్మ ఆగింది. ఎప్పుడూ అలా ఆగే మనిషి కాదు. "అబద్ధం చెప్పా బాబూ. పోలీసులంటే భయం. పిల్ల పెళ్ళికి అడ్డమొస్తదేమోనని. ఆయన మా ఎనక వీధాయన. తప్పు నాది. దాని చెయ్యిది గాదు."

ఆయన రాసుకున్నాడు. తరవాత ఇల్లు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. మెట్లు లేవన్నదానికి ఫోటో ఎలా తీస్తారో నేను అప్పుడే చూశాను. అమ్మ మజ్జిగ ఇస్తే రెండు గ్లాసులు తాగాడు. వెళ్తూ వెళ్తూ, "ఈసారన్నా డాక్టరు దగ్గర నిజం చెప్పండమ్మా," అన్నాడు. "ఈసారేంది, మళ్ళీ పడాలా అది?" అంది అమ్మ.

ఆ మాటలన్నీ ఆయన రిపోర్టులో ఉన్నాయని లాయరమ్మ తరవాత చెప్పింది. కంపెనీ మెట్ల సంగతి వదిలేసింది. కేసు లోక్ అదాలత్‌కు పంపడానికి ఒప్పుకుంది. లోక్ అదాలత్ అంటే ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి ఒక్క రోజులో తేల్చేది. రాజీయే, కాకపోతే జడ్జి ఎదుట.

ఆ ఉదయం కోర్టు ఆవరణంతా పెళ్ళిపందిరిలా ఉంది. బల్ల అవతల జడ్జి, ఇద్దరు సభ్యులు. ఇవతల కంపెనీ అధికారి, మేము. అధికారి ఒక మొత్తం చెప్పాడు. లాయరమ్మ ఇంకో మొత్తం చెప్పింది. నా చెయ్యి చూపించమన్నారు. అరచేయి పైకి తిప్పమన్నారు. తీర్థం తీసుకునేటంత వరకు తిరిగింది, ఆపైన తిరగలేదు. ఏ పని చేయలేకపోతున్నావమ్మా అని జడ్జి అడిగారు. తడి బట్టలు పిండలేను, బిందె వంచలేను, అర పేజీ రాశాక వేళ్ళు పట్టేస్తాయి అన్నాను. అధికారి, లాయరమ్మ కొంచెం కొంచెం జరిగి ఒక మొత్తం దగ్గర కలిశారు. కాగితం టైపు చేసి నా ముందు పెట్టారు.

వెనక పెద్ద వరుస ఉంది. "సంతకమేగా, పెట్టమ్మా, అవతల మా బస్సు పోద్ది," అన్నారెవరో.

నేను చదివాను. ఆసుపత్రి ఖర్చు ఉంది, జీతం ఉంది, నొప్పికి ఉంది. రెండో ఆపరేషన్ లేదు. మరోసారి చదివాను. లేదు.

"ప్లేటు తీసే ఖర్చు ఇందులో లేదండి," అన్నాను.

"అన్నీ కలిపే చెప్పాం కదమ్మా," అన్నాడు అధికారి.

"కలిపితే రాసి ఉండాలి కదండీ. రాయలేదంటే కలపలేదని. డాక్టరు ఇచ్చిన అంచనా కాగితం ఫైల్లో పదకొండో పేజీ. అది లేకుండా నేను సంతకం పెట్టను."

లాయరమ్మ నా వైపు తిరిగి చూసింది. అమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది, ఆపడానికో తొయ్యడానికో తెలియలేదు. జడ్జి ఫైలు తిప్పి పదకొండో పేజీ చూశారు. అధికారి ఫోన్ పట్టుకుని పక్కకు వెళ్ళాడు. తిరిగి వచ్చి తల ఊపాడు. కాగితం మళ్ళీ టైపు చేశారు. దాన్నీ పూర్తిగా చదివాను. వెనక ఆయన బస్సు పోయే ఉంటుంది. సంతకం పెట్టాను.

బయట చెట్టు కింద బాబాయ్ నిలబడి ఉన్నాడు. ఆయన కేసు కూడా ఆ రోజే, పక్క హాల్లో. ఇంకా పిలవలేదు.

"ఏమయింది తల్లీ?"

"ఇస్తామన్నారు బాబాయ్. రెండో ఆపరేషన్‌కి కూడా."

"హమ్మయ్య," అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఇంక మీరు ఇంటికి పోండి చెల్లెమ్మా. నా పేరు పిలిచేసరికి ఏ యాళయిద్దో."

అమ్మ బెంచీ మీది దుమ్ము కొంగుతో దులిపి కూర్చుంది. సంచిలో నుంచి పులిహోర డబ్బా తీసింది.

"నువ్వు ఒక్కడివే లోపలికెట్టా పోతావన్నయ్యా? తప్పు నాదే నాదే అని నాలుగుసార్లు చెప్తావ్, ఒకసారి చాలు," అంది. "ముందు ఇది తిను."

నేనూ వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ముగ్గురం ఆయన పేరు పిలిచేదాకా అక్కడే ఉన్నాం.